ఆ ఆక్సిజన్ ఎక్కడిది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వరస దాటి లోపలికి వెళితే, కార్ల ఇంజిన్ పని చేసే చిన్న షెడ్డు ఒకటి ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకు అక్కడ ఒక తెల్ల హ్యాచ్‌బ్యాక్ వచ్చి ఆగుతుంది. 2016 మోడలు, 1.2 లీటర్ పెట్రోలు ఇంజిను, నాలుగు సిలిండర్లు, తిరిగింది లక్షా నాలుగు వేల కిలోమీటర్లు. మీటరు బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంది. తెచ్చిన కుర్రాడికి పాతికేళ్లుంటాయి. ఏడాదిలో బండికి చేయించిన మార్పులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. గాలి పీల్చే వైపు కంపెనీ డబ్బా తీసేసి అల్యూమినియం గొట్టం, దాని కొసన కోను ఫిల్టరు. పొగ వదిలే వైపు కంపెనీ మేనిఫోల్డు తీసేసి స్టీలు హెడ్డరు. వెనక ఫ్రీ ఫ్లో సైలెన్సరు.

“సౌండ్ అదిరింది మేస్త్రి గారూ, పికప్ కూడా వచ్చింది. మైలేజీయే పదహారు నుంచి పదకొండుకి పడిపోయింది. సిగ్నల్లో ఆగితే పెట్రోలు వాసన. ఆక్సిజన్ సెన్సరు కొత్తది వేయించా. నాలుగు వేల రెండొందలు. నాలుగు రోజులకి మళ్లీ లైటు.”

“పాతది పారేశావా, ఉందా?”

“డిక్కీలో ఉందండీ.”

“తీసి ఇక్కడ పెట్టు బాబూ, దాంతో పనుంది.”

ఈ షెడ్డులో జరిగే పని అర్థం కావాలంటే ముందు ఆ సెన్సరు ఏం చేస్తుందో తెలియాలి. దాని మూతిలో చిటికెన వేలి కొసంత జిర్కోనియా గొట్టం ఉంటుంది. జిర్కోనియా ఒక రకం పింగాణీ. గొట్టం లోపలి వైపు బయటి గాలి, వెలుపలి వైపు ఇంజిను పొగ, రెండు వైపులా ప్లాటినం పూత. సుమారు 350 డిగ్రీల వేడి ఎక్కాక, రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి అది వోల్టేజి పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగలకపోతే 0.9 వోల్టు దాకా చూపిస్తుంది, మిగిలితే 0.1కి పడిపోతుంది. ఈ రెండింటికీ మధ్య, 0.45 దగ్గర, దాదాపు నిట్టనిలువుగా మారుతుంది. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి. ఆ పాళ్లకు గాలి ఎక్కువైతే మిక్చర్ లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. బాష్ తయారుచేసిన ఈ సెన్సరు మొదట 1976లో వోల్వో కార్లకు ఎక్కింది. ఇన్నేళ్ల తర్వాత కూడా దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. పెట్రోలు దానికి కనపడదు. పొగలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్లోంచి వచ్చిందా, మధ్యలో చిల్లులోంచి దూరిందా అన్నదీ దానికి పట్టదు. అది కనిపెట్టవలసింది మనిషే.

మొదటి పని స్కానరు తగిలించడం. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లన్నిటికీ స్టీరింగు కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్టు ఉంటుంది. మేస్త్రి దగ్గరున్నది 14 వేల రూపాయల స్కానరు. కోడు వెంటనే వస్తుంది: పి0171, అంటే మిక్చర్ మరీ లీన్‌గా ఉందని. చాలామంది ఇక్కడే ఆగి, కోడు చెరిపేసి, సెన్సరు మార్చేస్తారు. కోడు చదవడానికి నిమిషం చాలు, మెకానిక్ పనితనం ఆ తర్వాతే తెలుస్తుంది. ఈయన చెరపడు. కోడు పడిన క్షణాన ఇంజిన్ కంప్యూటరు తీసిపెట్టుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ తెరుస్తాడు: ఇంజిను వేడి 84 డిగ్రీలు, 780 ఆర్‌పీఎం, బండి వేగం సున్నా. అంటే జబ్బు బయటపడింది ఐడిలింగ్‌లో. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు పడిన కోడైతే ఆయన ముందు పెట్రోలు పంపు వైపు వెళ్లేవాడు.

రెండో పని ఫ్యూయల్ ట్రిమ్ చూడటం. ట్రిమ్ అంటే సవరింపు. సెన్సరు లీన్ అని చెబితే కంప్యూటరు ఇంజెక్టరును కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, రిచ్ అంటే తగ్గిస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరింపు షార్ట్ టర్మ్, అలవాటుగా గుర్తుపెట్టుకునేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి పది శాతం లోపు ప్లస్సో మైనస్సో ఉంటే కంగారు లేదు. ఇంజిను 90 డిగ్రీలకు వేడెక్కాక మేస్త్రి ఐడిలింగ్‌లో చూస్తాడు: లాంగ్ టర్మ్ ప్లస్ 24, షార్ట్ టర్మ్ ప్లస్ 8, మొత్తం 32. శిష్యుడికి చెప్పి 2500 ఆర్‌పీఎం దగ్గర రేసు పట్టిస్తాడు. మొత్తం 19కి దిగి అక్కడే నిలబడుతుంది. ఈ నాలుగంకెలూ తన నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఇన్‌టేక్‌లో గాలి చిల్లుంటే ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా పైకి పోయి, రేసులో సున్నా వైపు దిగాలి. పెట్రోలు చాలకపోతే దీనికి తలకిందులుగా, లోడు పెరిగే కొద్దీ ట్రిమ్ పెరగాలి. ఇక్కడ ఐడిలింగ్ ఎక్కువే, కానీ రేసులోనూ 19 మిగిలింది. “ఒక జబ్బు కాదిది, రెండు” అంటాడు.

తర్వాత ప్లగ్గులు ఊడదీస్తాడు. సెన్సరు లీన్ అంటోంది కదా, లీన్‌గా నడిచే ఇంజిను ప్లగ్గులు తెల్లగా ఉండాలి. ఇవి కాటుకలా నల్లగా, వేలికి అంటుకునే పొడి మసితో ఉన్నాయి. నాలుగూ ఒకేలా నలుపు. కుర్రాడు వంగి చూస్తాడు. కంప్యూటరు లీన్ అంటుంటే ప్లగ్గు రిచ్ అంటోంది. ఇలాంటి చోట మేస్త్రి ప్లగ్గు మాటే నమ్ముతాడు, ఎందుకంటే అది సిలిండర్ లోపల ఉండి చూసింది.

సందేహం తీరడానికి పొల్యూషన్ చెకింగ్‌కి వాడే గ్యాస్ ఎనలైజరు గొట్టం సైలెన్సర్లో దూరుస్తాడు. ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3.1 శాతం. బీఎస్-4 పెట్రోలు కారుకు హద్దు 0.3. అదే తెర మీద ఆక్సిజన్ 2.3 శాతం. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నచ్చింది ఈ తెర. పెట్రోలు ఎక్కువై కార్బన్ మోనాక్సైడ్ అంత వచ్చిందంటే, సిలిండర్లో ఆక్సిజన్ మొత్తం ఖర్చయిపోయి ఉండాలి. రెండూ ఒకేసారి అంత ఎక్కువగా ఉన్నాయంటే, ఆ ఆక్సిజన్ మంట అయిపోయాక పొగలో కలిసిందన్నమాట. మిస్సింగ్ కొట్టే ఇంజిన్లోనూ మండని ఆక్సిజన్ ఇలాగే బయటికొస్తుంది. కానీ స్కానర్లో మిస్‌ఫైర్ లెక్క సున్నా. తెర అడుగున లాంబ్డా 1.00 అని ఉంది. అంటే సగటున పాళ్లు సరిగ్గా కుదిరాయి. సెన్సరు కోరింది ఈ ఒకటే కదా, కంప్యూటరు పెట్రోలు పోసి పోసి ఆ ఒకటిని తెచ్చి దాని ముందు పెట్టింది.

ఇక సెన్సరు మీద పడ్డ నింద తేల్చాలి. కొత్త సెన్సరుకు నాలుగు వైర్లు. రెండు హీటరువి, ఒకటి సిగ్నలు, ఒకటి ఎర్తు. మేనిఫోల్డు మీద ఉండవలసిన సెన్సరు హెడ్డరులో రెండడుగులు కిందికి దిగింది, అక్కడ పొగ కాస్త చల్లబడుతుంది, కాబట్టి హీటరు మీద భారం ఎక్కువ. కనెక్టరు విప్పి మల్టీమీటరు పెడితే హీటరు 6 ఓములు. బాగానే ఉంది. వైరింగు వైపు కరెంటు 12.4 వోల్టులు. అదీ బాగానే ఉంది. వైర్లను కోసి కలిపిన చోట టేపు చుట్టి ఉంటుంది. మేస్త్రి టేపు విప్పుతాడు, లోపల టాంకా వేసి ఉంటే మార్చేద్దామని. చాలా సెన్సర్లు తమకు కావలసిన బయటి గాలిని వైరు పోగుల సందుల్లోంచే లోపలికి లాక్కుంటాయి. టాంకా వేస్తే సీసం ఆ సందులు పూడ్చేస్తుంది. ఇక్కడ అదృష్టం, క్రింపు చేశారు.

సిగ్నలు వైరుకు ఆసిలోస్కోపు తగిలిస్తాడు. ఇది వోల్టేజిని గీతగా చూపించే పరికరం, ఇప్పుడు 8 వేలకు కూడా దొరుకుతోంది. 2500 దగ్గర గీత 0.1 నుంచి 0.9కి, మళ్లీ 0.1కి, సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. శిష్యుడు చేతి టార్చిలోంచి వెలిగించని గ్యాసు కొద్దిగా ఫిల్టరు మూతి దగ్గర వదులుతాడు. గీత ఒక్క ఉదుటున 0.88కి లేస్తుంది. బ్రేకు బూస్టరు వాక్యూం పైపు క్షణం ఊడదీస్తే 0.08కి పడుతుంది. లేవడానికీ పడటానికీ పట్టిన సమయం పదో వంతు సెకను లోపు. కొత్త సెన్సరులో లోపం లేదు.

పాత సెన్సరు సంగతి? దాన్ని వైసులో బిగించి, మల్టీమీటరు తగిలించి, మూతికి గ్యాసు టార్చి మంట పెడతాడు. నలభై సెకన్లకు మూతి మీద మసి కాలిపోయి, కొస ఎర్రబడుతుంది. మంట మధ్యలో ఆక్సిజన్ లేదు కాబట్టి మీటరు 0.6, 0.8, 0.87 అని ఎక్కుతుంది. మంట పక్కకు లాగగానే సెకనులోపు 0.05. మళ్లీ పెడితే మళ్లీ 0.87. మూతి మీద తెల్ల పొడి ఉంటే అది సిలికాన్ విషం. ఇంజిన్లో ఏదో జాయింటుకు పూసిన మామూలు సిలికాన్ ఆవిరై వచ్చి సెన్సరును చంపుతుంది, మంటతో అది పోదు. దీని మీద ఉన్నది ఉత్త మసి. కుర్రాడు మీటరు కేసి చూస్తూ “అయితే ఇది బాగానే ఉందా?” అంటాడు. మేస్త్రి జవాబు చెప్పడు, టార్చి ఆర్పుతాడు.

పదకొండున్నరకు పొగ పరీక్ష. ఇన్‌టేక్ వైపు చిల్లులు వెతకడానికి మేస్త్రి సొంతంగా చేసుకున్న పొగ డబ్బా ఉంది. స్టీలు డబ్బాలో పావు లీటరు బేబీ ఆయిల్, అందులో డీజిలు ఇంజిన్ గ్లో ప్లగ్గు ఒకటి, కరెంటు బ్యాటరీ నుంచి. నూనె కాగి తెల్లటి దట్టమైన పొగ వస్తుంది. కంప్రెసరు గాలిని రెగ్యులేటరుతో ఒక పీఎస్ఐ లోపుకు తగ్గించి ఆ పొగను ఇన్‌టేక్‌లోకి తోస్తాడు. ఒత్తిడి అంతకు మించితే సీళ్లు లేచిపోతాయి, అప్పుడు లేని జబ్బు మనమే తెచ్చినట్టవుతుంది. పది నిమిషాలు టార్చిలైటు వేసి చూసినా థ్రాటిల్ దగ్గర, ఇంజెక్టర్ల మొదళ్లలో, పీసీవీ గొట్టం దగ్గర ఎక్కడా పొగ లేదు. ఇన్‌టేక్ బిగుతుగా ఉంది.

అదే గొట్టం ఇప్పుడు సైలెన్సరు వెనక నుంచి దూరుస్తాడు, చుట్టూ గుడ్డ కుక్కుతాడు. అర నిమిషం. నాలుగో సిలిండరు దగ్గర, హెడ్డరు ఫ్లాంజికీ ఇంజిను తలకీ మధ్య, సన్నటి తెల్ల దారం లేస్తుంది. ఫ్లాంజి అంటే నాలుగు గొట్టాలనూ వెల్డు చేసి ఇంజినుకు బిగించే పలక. ఇక్కడి నుంచి పొగ బయటికి పోతే శబ్దం తప్ప నష్టం లేదనుకుంటారు చాలామంది. నష్టం లోపలికి వచ్చే గాలితో. 800 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్లు కలిసి సెకనుకు 26, 27 సార్లు పొగను ఉసురుమని తోస్తాయి. ఒక్కో తోపుకూ తర్వాతి తోపుకూ నడుమ గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. ఆ ఖాళీలో సందులోంచి గాలి లోపలికి జారుతుంది. ఐడిలింగ్‌లో ఖాళీలు పొడుగు, పొగ తక్కువ, కాబట్టి దూరిన గాలి వాటా ఎక్కువ. రేసు పెరిగితే తోపులు ఒకదాని వెనక ఒకటి తరుముతాయి, వాటా తగ్గుతుంది. 32కీ 19కీ మధ్య ఉన్న 13 శాతం ఈ సందుదే.

ఇంజిను చల్లారడానికి గంటన్నర. ఈలోగా భోజనాలు. రెండింటికి హెడ్డరు దించుతాడు. ఎనిమిది నట్లలో రెండు తుప్పు పట్టి బిగుసుకున్నాయి, రస్ట్ ఆయిల్ కొట్టి, కాస్త బిగించి, కాస్త వదిలి, మళ్లీ బిగించి, స్టడ్డు విరగకుండా తీస్తాడు. ఈ పనికి కొలతల్లేవు, చేతికి తెలియాలి. ఫ్లాంజి మీద స్టీలు బద్ద నిలబెట్టి, కింద ఫీలర్ గేజి ఆకులు ఒక్కోటీ దూర్చి చూస్తాడు. ఒకటో సిలిండరు దగ్గర 0.05 మిల్లీమీటరు ఆకు పోదు. నాలుగో దగ్గర 0.30 ఆకు హాయిగా జారిపోతుంది. 0.10 దాటితే గ్యాస్కెట్టు ఆపలేదు. హెడ్డరు చేసినవాళ్లు 8 మిల్లీమీటర్ల పలకకు గొట్టాలను ఒక కొస నుంచి మరో కొసకు వరసగా వెల్డు చేసుకుంటూ పోయారు. వెల్డు చల్లారేటప్పుడు లోహాన్ని తన వైపు లాక్కుంటుంది. పలకను మందపాటి ఇనుప దిమ్మకు బిగించి, ఒకటో గొట్టం, నాలుగోది, రెండోది, మూడోది అని మార్చి మార్చి వేసి ఉంటే ఇంత వంగేది కాదు.

వెనక వీధిలో మిల్లింగ్ మిషను ఉన్న షాపులో ఫేసింగ్ చేయిస్తారు, అంటే పలక మొహాన్ని చదునుగా చెక్కడం. గొట్టాల కట్ట వంకరటింకరగా ఉంటుంది కాబట్టి, దాన్ని మిషను బల్ల మీద నిలబెట్టి బిగించడానికే ముప్పావుగంట పడుతుంది, చెక్కడం పావుగంట. మూడు సన్నటి కోతల్లో 0.35 మిల్లీమీటరు తీస్తారు. 700 రూపాయలు.

హెడ్డరు చేతిలో ఉండగానే మేస్త్రి ఇంకొకటి పట్టుకుంటాడు. ఈ బండికి వెనక ఇంకో ఆక్సిజన్ సెన్సరుంది, దాని అడుగున బొటనవేలంత స్పేసరు. ఈ కారుకు కెటలిటిక్ కన్వర్టరు కంపెనీ మేనిఫోల్డులోనే భాగం. విషవాయువులను శుద్ధి చేసేది అదే. హెడ్డరు వేయడంతో అదీ పోయింది. కన్వర్టరు లేదన్న సంగతి వెనక సెన్సరు పసిగట్టకుండా దాన్ని పొగకు దూరంగా నిలబెట్టడానికే ఈ స్పేసరు. “ఇది పెడితే లైటు ఆగుతుందేమో గానీ పొగ ఆగదు. దీంతో బండి నేను బయటికి పంపను” అని చెప్పేస్తాడు. కంపెనీ ఇచ్చిన నమూనాను ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు కూడా. నిజానికి ఆ సెక్షన్ ముందు ఈ హెడ్డరు కూడా నిలబడదు, కంపెనీ మేనిఫోల్డు తిరిగి వేయడమే చక్కటి దారి. ఆ మాటా చెబుతాడు. మేనిఫోల్డు అప్పుడే తుక్కు కింద అమ్మేశానంటాడు కుర్రాడు. బేరం చివరికి ఎక్కడ తెగుతుందంటే, మెటల్ జల్లెడ ఉన్న కన్వర్టరు ఒకటి హెడ్డరు దిగువ గొట్టంలో వెల్డు చేయాలి. ముందు సెన్సరు దానికి పైన, వెనక సెన్సరు స్పేసరు లేకుండా దాని తర్వాత. 9,500 రూపాయలు. వేడి త్వరగా అందాలి కాబట్టి వీలైనంత పైకి పెడతారు. సెన్సరు బిగించే బుషింగును అడ్డంగా ఉన్న గీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి చూసేలా వెల్డు చేస్తారు. ఉదయం చల్లటి గొట్టంలో పేరుకునే నీటి బొట్టు ఎర్రగా కాలిన పింగాణీ మీద పడితే అది చిట్లిపోతుంది.

హెడ్డరు తిరిగి ఎక్కుతుంది. పొరల స్టీలు గ్యాస్కెట్టు 900, కొత్త నట్లు ఎనిమిది. మధ్య నట్ల నుంచి మొదలుపెట్టి కొసల వైపు, ముందు 10 న్యూటన్ మీటర్లు, తర్వాత 18, చివర 25. సెన్సరు మరల మీద యాంటీ సీజ్ పేస్టు సన్నగా రాసి, మూతికి అంటకుండా, 22 నంబరు చీలిక సాకెట్టుతో 42 దగ్గర ఆపుతాడు. ఇంజిను వేడెక్కాక నట్లన్నీ ఇంకోసారి చూస్తాడు.

సాయంత్రం ఐదు. స్టార్టు చేసి వేడెక్కించి, మళ్లీ ట్రిమ్. ఐడిలింగ్‌లో 19, 2500లో 18. అన్నిచోట్లా ఒకే రకంగా నిలబడింది. నా బోటివాడికి ఇది నిరాశగా కనిపిస్తుంది, మేస్త్రి మొహం వెలుగుతుంది. ఒక జబ్బు పోయింది కాబట్టి రెండోది ఇప్పుడు ఒంటరిగా దొరికింది. అన్ని వేగాల్లో ఒకే శాతం తేడా ఉందంటే చిల్లు కాదు, కొలత తప్పు. ఇంజెక్టరు రైలు దగ్గర ప్రెషరు గేజి పెడితే పెట్రోలు ఒత్తిడి 3 బార్, రేసిచ్చినా కదలదు. కాబట్టి తప్పుతున్నది గాలి కొలత.

గాలిని కొలిచేది మాఫ్ సెన్సరు. వేడిగా ఉంచిన సన్నటి తీగ మీదుగా గాలి పోతుంది. గాలి ఎంత చల్లారిస్తే, తీగను వేడిగా నిలపడానికి అంత కరెంటు పడుతుంది, ఆ కరెంటే లెక్క. కానీ తీగ చూసేది గొట్టం నడుమ పోయే గాలి వేగాన్ని. మొత్తం గాలి ఎంతో కంప్యూటరు తేల్చుకునేది, కంపెనీ గొట్టం వెడల్పు తనకు ముందే తెలుసు కాబట్టి. కుర్రాడు వేయించిన అల్యూమినియం గొట్టంలోకి సెన్సరును మార్చేశారు. మేస్త్రి వెర్నియర్ తీసి కొలుస్తాడు: లోపలి వెడల్పు 60 మిల్లీమీటర్లు. కంపెనీ గొట్టం 56. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. నోటుపుస్తకంలో 60ని 60తో, 56ని 56తో హెచ్చవేస్తాడు: 3600, 3136. గాలి పోయే దారి దాదాపు 15 శాతం పెద్దదైంది, గాలి అంత నెమ్మదించింది, సెన్సరు ఆ మేరకు తక్కువ చెబుతోంది. ఐడిలింగ్‌లో సెకనుకు 1.65 గ్రాముల గాలి అంటోంది. ఈ ఇంజినుకు 1.9 దాకా ఉండాలి.

పద్ధెనిమిదిలో పదిహేను పోతే మిగిలిన మూడు? దానికి ఆయన కారణం వెతకడు. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ట్యూనైన బండిలో ఇప్పుడు బంకులో దొరికే ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, పోస్తున్నారు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది, దానికి గాలి తక్కువ చాలు. లీటరుకు లీటరు లెక్కేస్తే ఇంజెక్టరు మూడు నాలుగు శాతం ఎక్కువ పోయాల్సిందే. ప్లస్ మూడు ఈ రోజుల్లో పాత బండికి జబ్బు కిందికి రాదు.

మందు రెండు రకాలు. కంప్యూటర్లో గాలి పట్టికను కొత్త గొట్టానికి తగ్గట్టు తిరగరాయించవచ్చు, రీమ్యాప్ అంటారు, పదిహేను వేల పైమాట. లేదా సెన్సరును దాని సొంత గొట్టంలోకి పంపడం. మేస్త్రి ఒక కుర్రాణ్ణి పాత సామాన్ల వీధికి తోలుతాడు. అరగంటలో అదే మోడలు బండిది, 56 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, గాలిని సాఫీ చేసే జల్లెడతో సహా 1,100కి వస్తుంది. కోను ఫిల్టరును దాని మూతికి తగిలిస్తారు, కుర్రాడి ముచ్చటా తీరుతుంది. ఫిల్టరుకు రాసిన నూనె తీగ మీద పొరలా పట్టి ఉంది. తీగను గుడ్డతో ముట్టుకుంటే తెగుతుంది. మాఫ్ క్లీనరు స్ప్రే పది పన్నెండు సార్లు దూరం నుంచి కొట్టి పది నిమిషాలు ఆరనిస్తాడు. ఇకమీదట నూనె రాయని పొడి ఫిల్టరే వాడమంటాడు.

ఇప్పుడు కోడు చెరుపుతాడు, నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నా చేస్తాడు. లేకపోతే పాత అలవాటు కొద్దీ కంప్యూటరు కొంతసేపు పెట్రోలు గుమ్మరిస్తూనే ఉంటుంది. చివరి పరీక్ష రోడ్డు మీద. పొగ గొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సరు బిగిస్తాడు. మామూలు సెన్సరు లీనో రిచ్చో చెప్పి ఊరుకుంటుంది, ఎంత అనేది చెప్పలేదు. ఐదు వైర్ల వైడ్‌బ్యాండ్ ఆ అంకె చెబుతుంది. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటరు ఆక్సిజన్ సెన్సరు మాట వినడం మానేసి తన పట్టిక ప్రకారమే పోస్తుంది. కొలత తప్పైతే ఇంజిన్ దెబ్బతినేది అప్పుడే. రాత్రి ఎనిమిదిన్నరకు బైపాసు మీద, శిష్యుడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చోగా, మూడో గేరులో 2000 నుంచి 6000 దాకా ఒక్క తొక్కు. లాంబ్డా 0.88 దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజినుకు పూర్తి లోడులో కావలసింది అంతే. 40 కిలోమీటర్లు ఊళ్లో, హైవే మీద కలిపి తిప్పాక ట్రిమ్ ఐడిలింగ్‌లో ప్లస్ 3, 2500లో ప్లస్ 3. ఎనలైజరులో కార్బన్ మోనాక్సైడ్ 0.08, ఆక్సిజన్ 0.2.

బిల్లు మర్నాడు పొద్దున. కన్వర్టరు 9,500, వెల్డింగు 1,200, ఫేసింగు 700, గ్యాస్కెట్టు, నట్లు 1,150, గాలి గొట్టం 1,100, స్ప్రే 450, మేస్త్రి కూలి 4,500. మొత్తం 18,600. ప్లగ్గులు మార్చలేదు. మసి వాటంతటవే కాలిపోతుంది, 500 కిలోమీటర్లు తిరిగాక తీసి చూపించమన్నాడు, కొస లేత గోధుమరంగుకు రావాలి. ట్రిమ్, గాలి గ్రాములు, పెట్రోలు ఒత్తిడి, లాంబ్డా ఒక స్టిక్కరు మీద రాసి, తేదీ వేసి, బానెట్టు లోపల అంటిస్తాడు.

“ఈసారి ఏది మార్పించినా ముందు ఈ అంకెలు చూడు బాబూ. మార్చాక మళ్లీ చూడు. ఐదు దాటి కదిలితే ఆ రోజే రా, లైటొచ్చేదాకా ఆగొద్దు.”